నిలకడ తప్పిన బండి



ఈ శీర్షిక క్రింద ఇంతవరకు కుట్టు మిషనును గూర్చియు, నూతి మోటారును గూర్చియు, గ్యాసు పొయ్యిని గూర్చియు వ్రాసియుంటిమి. మగవారి సొత్తని మనలో పెక్కుమంది దూరముగా నుంచిన వస్తువొకటి మిగిలియున్నది. అది కారు. ఇటీవల ఒక సోదరి మాకు వ్రాసిన జాబులో, "మా కారు చాల పాతది. కూడలిలో ఆగినప్పుడెల్ల చలిజ్వరము తగిలిన మనిషివలె వణకును. ఒక్కొక్కప్పుడు ఆగియే పోవును. షెడ్డువారు ఇంజను విప్పవలెననుచున్నారు. విప్పింపవలెనా, అమ్మివేయవలెనా?" అని యడిగినారు.

కంట చూడని బండికి మందు చెప్పుట తగదు. కాని యిట్టి ప్రశ్నయే ఒకప్పుడు మా యింటికిని వచ్చినది. అప్పుడు మేము చేసిన పరీక్షలను వరుసగా వ్రాసినచో ఆ సోదరికిని, అట్టి చిక్కులో నున్న మరికొందరికిని ఉపయోగపడునని తలచి ఈ మాసము దీనిని వ్రాయుచున్నాము.

మా బండి 1986వ సంవత్సరపు అంబాసిడరు. మా మామగారు కొన్నది. ఇంగ్లండునందలి మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును మూలముగా గొని, 1957 మొదలు 2014 వరకు మన దేశమున తయారైన కారు ఇదియే. మా బండి ఇంజను నాలుగు సిలిండర్లది. కొలత 1489 ఘన సెంటీమీటర్లు. నేటి కార్లలోని కంప్యూటరు దీనియందు లేదు. పెట్రోలును గాలితో కలుపుటకు కార్బురేటరును, నిప్పురవ్వను పంచిపెట్టుటకు డిస్ట్రిబ్యూటరును కలవు. అన్నియు కంటికి కనబడును, చేతికి అందును. పాత బండికి గల గొప్ప గుణమిది.

2019వ సంవత్సరమున మాఘమాసపు ఒక ఉదయమున అత్తగారిని కంటి పరీక్షకై కొవ్వూరునుండి రాజమహేంద్రవరమునకు తీసికొనిపోవుచుంటిమి. మావారు ఉద్యోగరీత్యా పొరుగూర నుండిరి. బండి మేమే నడుపుచుంటిమి. గోదావరిపై 1974లో తెరచిన రోడ్డు-రైలు వంతెన నడుమ బండ్లన్నియు నిలిచి నిలిచి సాగవలసివచ్చెను. బ్రేకు నొక్కి ఆగినంతనే ఇంజను దడదడ వణకి ఆగిపోయెను. మరల తిప్పితిమి, పదిగజములు పోయి మరల ఆగెను. అట్లు మూడుమారులు జరిగినది. వెనుకనుండి హారనులు, క్రింది అంతస్తున రైలు మ్రోత. వంతెన అదరుచున్నదో, బండి అదరుచున్నదో తెలియని స్థితిలో అత్తగారు మా భుజము గట్టిగా పట్టుకొనిరి. ఎవరో యిద్దరు పిల్లలు దిగివచ్చి త్రోయగా ఎట్లో గట్టెక్కితిమి. నాటి కంటి పరీక్ష మాత్రము తప్పిపోయినది.

మరునాడు బండిని ఒక షెడ్డునకు పంపితిమి. అచ్చటి మేస్త్రీ కొంతసేపు విని, ఒక ప్లగ్గు ఊడదీసి మాకు చూపెను. అది కాటుకవలె నల్లగా నుండెను. "అమ్మగారూ! రింగులు అరిగిపోయినవండి. ఇంజను దింపి బోరు చేయింపవలసినదే. నలుబది వేలకు తక్కువ కాదండి" అని చెప్పెను. అంతకు రెండు నెలలకు ముందు కూడ బండి వణకుచున్నదని అతనియొద్దకే పంపియుంటిమి. అప్పుడేవో మరలు త్రిప్పి, కుదిరినదని పంపివేసెను. నాటినుండి లీటరునకు తొమ్మిది పది కిలోమీటర్లు వచ్చు బండి ఏడింటికి దిగినది. ఈ సంగతి మా పద్దు పుస్తకములో నున్నదే గాని, దాని యర్థము అప్పుడు మాకు తోచలేదు.

నలుబది వేలు మాటలా? అమ్మాయి కాలేజీ ఫీజునకై దాచిన సొమ్ము సరిగా అంతయే యున్నది. పాతయినుమునకు అమ్మివేయుడని కొందరు చెప్పిరి. అత్తగారు మాత్రము, "అమ్మినను సరే, ఉంచినను సరే. దానికి వచ్చిన రోగమేమో తెలిసికొనక మాత్రము అమ్మవద్దు, ఖర్చు పెట్టవద్దు" అనిరి. ఆ మాట మాకు నచ్చినది. వారము రోజులు గడువు పెట్టుకొంటిమి. అమ్మాయి పాలిటెక్నికు పుస్తకములును, బండితో వచ్చిన పాత చేతిపుస్తకమును, ఒక నోటు పుస్తకమును ముందుంచుకొని మేమిద్దరము పనికి పూనుకొంటిమి.

ముందుగా తెలియవలసినది మిక్కిలి స్వల్పము. ఇంజను కుదురుగా నడచుటకు నాలుగు కుదురవలెను: చాలినంత గాలి, దానికి తగిన పాలు పెట్రోలు, సరియైన క్షణమున బలమైన నిప్పురవ్వ, సిలిండరులో బిగువైన ఒత్తిడి. ఇందేది లోపించినను వణకు పుట్టును. షెడ్డులలో దీనినే మిస్సింగు అందురు. నాలుగు సిలిండర్లలో ఒకటి రెండు పని మానుకొనగా, తక్కినవి బరువును ఈడ్చుచుండుటయే యిది.

తరువాత అడుగవలసిన ప్రశ్న, బాధ ఎప్పుడు కలుగుచున్నదని. నిలిచియున్నప్పుడు వణకి, వేగమున చక్కబడు బండికి సాధారణముగా ఎక్కడనో దొంగగాలి చొరబడుచుండును. లేదా నిలుకడ వేగపు మరలు తప్పియుండును. నిలిచినప్పుడు బాగుండి, ఎత్తు ఎక్కునపుడును వేగమునను చతికిలబడు బండికి పెట్రోలు చాలకుండుట తరచు; ఫిల్టరును, పెట్రోలు పంపును చూడవలెను. అన్ని వేగములందును వణకినచో నిప్పురవ్వనుగాని, వాల్వులనుగాని అనుమానింపవలెను. చల్లగా నున్నపుడు మాత్రమే బాధయైనచో చోకునందును, వేడెక్కిన పిదప మాత్రమే బాధయైనచో కాయిలునందును కండెన్సరునందును లోపముండవచ్చును. మేము మూడు దినములు ఊరక నడిపి వ్రాసికొంటిమి. మా బండి నిలిచినప్పుడు వణకుచు, నలుబది కిలోమీటర్ల వేగమున చాలవరకు కుదురుకొనుచుండెను.

దొంగగాలి నిలిచినప్పుడే ఎందులకు బాధించును? సోదరీమణులకు దీపము నుపమానముగా చెప్పుదుము. వత్తి సన్నగా నున్నపుడు కిటికీనుండి వచ్చు పిల్లగాలికే దీపము రెపరెపలాడును. వత్తి పెంచి పెద్ద మంట చేసినచో ఆ గాలియే దానిని కదపలేదు. ఇంజను నిలుకడ వేగమున తిరుగునపుడు గాలి ద్వారము ఇంచుమించు మూసియుండును. లోపల పీల్పు మిక్కుటముగా నుండును. లోనికి పోవు మొత్తము గాలి కొంచెము. ఎక్కడనైన సన్నని బీటయున్నచో ఆ దారిని వచ్చు గాలి అందులో పెద్ద పాలగును. పెట్రోలు పాలు తగ్గి రవ్వ తగిలినను సరిగా మండదు. వేగమున ద్వారము తెరచుకొన్నపుడు ఆ బీటగాలి లెక్కకు రాదు.

మొదటి పరీక్ష చూపునకును చెవికిని సంబంధించినది. దీనికి పైసా ఖర్చు లేదు. ఇంజను చల్లగా నున్నపుడు బానెట్టు ఎత్తి రబ్బరు గొట్టములన్నిటిని వ్రేళ్ళతో మెల్లగా వంచి చూచితిమి. డిస్ట్రిబ్యూటరునకు పోవు సన్నని పీల్పు గొట్టము ఎండి బెరడువలె నుండెను గాని పగులలేదు. గాలి ఫిల్టరు ఫరవాలేదు. డిస్ట్రిబ్యూటరు మూత తీసి లోపల వెలుతురులో చూచితిమి. వెండ్రుకవంటి బీటగాని, దానివెంబడి నల్లని చారగాని యున్నచో రవ్వ ఆ దారిని పారిపోవును, మాకట్టిది కనబడలేదు. పాయింట్ల నడుమ ఎడము అర మిల్లీమీటరునకు కొంచెము లోపుగా, చేతిపుస్తకమున చెప్పినట్లే యుండెను.

రెండవది ప్లగ్గుల పరీక్ష. ఇచ్చటనే మాకు మొదటి వెలుగు కనబడినది. తీగలు మారిపోకుండ ఒక్కొక్కదానికి గుడ్డపేలిక కట్టి అంకె వేసితిమి. ఏలనన ఈ ఇంజనులో రవ్వ 1, 3, 4, 2 అను వరుసను పోవును. తీగ మారినచో క్రొత్త రోగము మనమే తెచ్చినవారమగుదుము. నాలుగు ప్లగ్గులను తీసి, తెల్లని కాగితముపై వరుసగా నుంచితిమి. గ్యాసు పొయ్యి మంటను చూచి బర్నరు సంగతి చెప్పగలిగిన మనకు ప్లగ్గు రంగు చదువుట కష్టము కాదు. పలుచని కాఫీపొడి రంగున్నచో మంట సరిగా నున్నది. పొడిగా, చేతికంటునట్టి మసి యున్నచో పెట్రోలు హెచ్చు. తడిగా, జిడ్డుగా నల్లగా నున్నచో సిలిండరులోనికి నూనె ఎక్కుచున్నది. తెల్లగా సున్నము పూసినట్లున్నచో పెట్రోలు తక్కువై, గాలి హెచ్చైనది.

మా ప్లగ్గులలో 3వదియు 4వదియు నల్లనివి. కాని ఆ నలుపు పొడిమసి. గుడ్డతో తుడిచిన పోయినది, జిడ్డు లేదు. 1వదియు 2వదియు పాలిపోయి తెల్లగా నుండెను. ఒకే ఇంజను, ఒకే కార్బురేటరు. రెండింటికి అతిగా తిండి, రెండింటికి పస్తు!

మేస్త్రీ ఒక్క ప్లగ్గు మాత్రమే తీసి చూచెనని మాకప్పుడు జ్ఞప్తికి వచ్చినది. అన్నముడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు చాలునందురు. ఒక కుండకు ఆ మాట నిజము. నాలుగు పొయ్యిలమీద నాలుగు కుండలున్నపుడు ఒక కుండలోని మెతుకు తక్కిన మూడింటి సంగతి ఎట్లు చెప్పగలదు?

మూడవ పరీక్ష ఒక్కొక్క సిలిండరును పలుకరించుట. ఇంజనును ఆపి ఒక ప్లగ్గు తీగను తీసి, ఆ తీగకు వేరొక పాత ప్లగ్గును తగిలించి, దానిని ఇంజను లోహమునకు ఆనునట్లుంచి, పిదప ఇంజనును నడిపి ధ్వని వినవలెను. నడచుచున్న ఇంజనునుండి చేతితో తీగ లాగరాదు. ఆ విద్యుత్తు వేలకొలది వోల్టులది, గట్టిగా కొట్టును. పని చేయుచున్న సిలిండరు తీగ తీసినచో ఇంజను ఇంకను కుంటును. తీసినను తేడా లేకున్నచో ఆ సిలిండరు అంతకు మునుపే పని చేయుటలేదని యర్థము. 3వ తీగ తీయగా మా ఇంజను ఆగిపోబోయెను. 4వది తీసినను అంతే. 1వది తీసినను, 2వది తీసినను తేడా మిక్కిలి స్వల్పము. ప్లగ్గుల రంగులు చెప్పినదియు, చెవి చెప్పినదియు ఒక్కటే యయ్యెను.

ఇరుగుపొరుగు సిలిండర్లు రెండు కలిసి నీరసించుటకు కారణము రెండింటికిని ఉమ్మడియైనదిగా నుండవలెను. చేతిపుస్తకములోని బొమ్మ చూచితిమి. ఈ ఇంజనులో గాలియు పెట్రోలును కలిసి లోనికి పోవు దారులు రెండే: 1, 2 సిలిండర్లకొకటి, 3, 4 సిలిండర్లకొకటి. కావున ముందు దారివద్ద గ్యాస్కెట్టు చెడి గాలి చొరబడుచుండవచ్చును. అట్లు గాక 1, 2 సిలిండర్ల నడుమ హెడ్డు గ్యాస్కెట్టు కాలియు ఉండవచ్చును. మొదటిది స్వల్పపు పని; రెండవదానికి హెడ్డు విప్పవలెను. ఏదో తేల్చుకొనక ముందునకు పోరాదు.

అందులకు నాలుగవ పరీక్ష, కంప్రెషను గేజి. ఇది మాయొద్ద లేదు. తెలిసిన మరియొక షెడ్డునుండి ఒక పూటకు తెప్పించి, ఆ షెడ్డు కుర్రవానినే చేయుమంటిమి. నాలుగు ప్లగ్గులను తీసి, కాయిలు తీగ విడదీసి, యాక్సిలరేటరును పూర్తిగా నొక్కి ఇంజనును స్టార్టరుతో త్రిప్పగా ఒక్కొక్క సిలిండరు ఒత్తిడి తెలియును. అంకె యెంత యను దానికంటె, నాలుగును దగ్గరగా నున్నవా యనుట ముఖ్యము. ఒకటి తక్కువైనచో ఆ ప్లగ్గు రంధ్రమున ఒక చెంచా ఇంజను నూనె పోసి మరల చూడవలెను. ఒత్తిడి పెరిగినచో రింగులు అరిగినవి. పెరుగకున్నచో వాల్వులుగాని, గ్యాస్కెట్టుగాని చెడినవి. మా నాలుగు సిలిండర్లును చదరపు అంగుళమునకు 115 మొదలు 122 పౌనుల లోపుననే చూపినవి. ఆ కుర్రవాడు గేజి తుడుచుకొనుచు, "ఇంజను గట్టిదేనమ్మా! దీనిని విప్పనక్కరలేదు" అనెను. ఆ మాట విన్నప్పుడు మా అమ్మాయి ముఖము చూడవలసినది!

ఇక మిగిలినది దొంగగాలి దారి కనుగొనుట. కొందరు నడచుచున్న ఇంజనుపై మండెడి ద్రవములను చిమ్మి పరీక్షింతురు. మా ఇంజనులో లోనికి పోవు గొట్టమును, పొగ వెడలు గొట్టమును ఒకే ప్రక్కన, ఎడమవైపున నున్నవి. వేడి గొట్టముపై అట్టి ద్రవము పడినచో మంటలు లేచును. ఆ పని ఎవ్వరును ఇంట చేయరాదు. మేము ఇస్త్రీకి బట్టలు తడుపు చిమ్ముడు సీసాలో మంచినీరు పోసి, తెల్లవారుజామున ఇంజను ఇంకను వేడెక్కక మునుపే, గొట్టములు ఇంజనునకు అతుకుకొను అంచున సన్నగా చిమ్మితిమి. వెనుక దారివద్ద చిమ్మినపుడు ధ్వని మారలేదు. ముందు దారివద్ద చిమ్మినంతనే గురగుర లాగినట్లై, ఇంజను ఒక్క క్షణము కుదుటపడి మరల వణక నారంభించెను. నీరు ఆ సందును ఒక్క క్షణము మూసినదన్నమాట. రెండుమార్లు, మూడుమార్లు చేసి చూచితిమి. ప్రతిమారును అట్లే యయ్యెను.

గొట్టములను విప్పు పని ఆ కుర్రవానికే యొప్పగించితిమి. విప్పి చూడగా గ్యాస్కెట్టు ముందుభాగమున కాలి తునిగియుండెను; అచ్చటి నట్టు ఒకటి సడలియుండెను. ముప్పదియేండ్లు మించి ఎండకును వేడికిని ఓర్చిన వస్తువు; తయారుచేసినవారిని తప్పుపట్టుటకేమియు లేదు. గొట్టపు ముఖము చదునుగా నున్నదో లేదో ఉక్కు స్కేలు ఆనించి చూచి, క్రొత్త గ్యాస్కెట్టు వేసి, నట్లన్నిటిని సమముగా బిగించెను. వస్తువునకును కూలికిని కలిపి వేయి రూపాయలు కూడ కాలేదు.

అప్పుడు పాత చిక్కంతయు విడివడినది. రెండు నెలల క్రిందట మేస్త్రీ త్రిప్పిన మరలేవో తెలిసినది. గాలి చొరబడి 1, 2 సిలిండర్లు పస్తుండగా, అతడు కార్బురేటరు మర త్రిప్పి అన్నిటికిని పెట్రోలు హెచ్చించెను. ఆ రెండు సిలిండర్లు కొన్నాళ్ళు ఎట్లో మండినవి. 3, 4 సిలిండర్లకు తిండి అతియై మసిపట్టినది. మైలేజి పడిపోయినది అందులకే. గ్యాస్కెట్టు ఇంకను తునుగగా వణకు మరల వచ్చినది. తన మందు తెచ్చిన మసినే చూచి అతడు ఇంజను చెడినదనుకొనెను. అతడు మోసము చేసెనని మేమనము. ఒక లోపమును కప్పుటకు వేరొక మర త్రిప్పినచో ఎంత దూరము పోవునో ఇందువలన తెలియును.

గ్యాస్కెట్టు వేసిన పిదప కార్బురేటరును యథాస్థితికి తేవలెను. ఈ పని ఎప్పుడును చివరిది. గాలి, రవ్వ, ఒత్తిడి సరియైన తరువాతనే దీనిని ముట్టవలెను. మా కార్బురేటరు ఎస్.యు. రకముది. ఇంజను వేడెక్కిన తరువాత దాని ప్రక్కనున్న చిన్న పిన్నును మెల్లగా పైకెత్తి, లోని పిస్టనును ఒక్క మిల్లీమీటరు లేపి వినవలెను. ఇంజను వేగము హెచ్చి అట్లే నిలిచినచో పెట్రోలు ఎక్కువ. తడబడి ఆగబోయినచో తక్కువ. ఒక్క క్షణము హెచ్చి వెంటనే మామూలునకు వచ్చినచో సరిగా నున్నది. దానిపై మూతలో కొంచెము పలుచని నూనె యుండవలెను. అది ఎండినచో యాక్సిలరేటరు నొక్కినపుడు బండి ఒక్క క్షణము వెనుకాడును.

ఇది మా బండి కథ. మీ బండి రోగము వేరు కావచ్చును గనుక, పాత కార్లలో తరచు చూడదగిన మరికొన్ని సంగతులు చెప్పుదుము. 2000వ సంవత్సరము ఫిబ్రవరి మొదటి తేదీనుండి మన దేశమంతట సీసము లేని పెట్రోలే అమ్ముచున్నారు. ఆరోగ్యమునకది ఎంతయు మేలు. కాని సీసమున్న దినములలో తయారైన ఇనుప హెడ్డులలో వాల్వులు కూర్చుండు చోటు క్రమముగా అరుగును. వాల్వు ఎడము తగ్గి, పూర్తిగా మూసికొనక, ఒత్తిడి పోవును. కావున ఆ ఎడమును అప్పుడప్పుడు కొలిపింపవలెను. 2025లో పెట్రోలునందు ఇథనాలు పాలు నూటికి 20 వంతులకు చేరినది. ఇథనాలు తేమను పీల్చును. పాత రబ్బరును మెత్తబరచి చెరచును. దానియందు ప్రాణవాయువుండుటచే, పాత కార్బురేటరు కొలతకు మిశ్రమము కొంత పలుచనగును. పాత పెట్రోలు గొట్టములకు బదులు ఇథనాలునకు ఓర్చునవి వేయించుట మంచిది. పెట్రోలు కారినచో వణకుతో పోదు, అగ్నిభయము కలదు.

కాలుష్య పరీక్ష కాగితమును పారవేయకుడు. అందు కార్బన్ మోనాక్సైడు హెచ్చుగా నున్నచో పెట్రోలు పాలు ఎక్కువ. హైడ్రోకార్బనులు మాత్రమే మిక్కిలి హెచ్చినచో ఏదో సిలిండరులో మండక పెట్రోలు వృథాగా పోవుచున్నది. పొగగొట్టమును చూచినను కొంత తెలియును: నల్లపొగ పెట్రోలుది, నీలిపొగ నూనెది, వేడెక్కిన తరువాతను తెల్లపొగ విడువనిచో రేడియేటరు నీరు లోనికి పోవుచున్నదని అనుమానింపవలెను.

ఇంజెక్షను బండ్లకు కార్బురేటరు లేదు గాని, ప్లగ్గు, గాలి, ఒత్తిడి అనునవి దానికిని ఉన్నవి. ఇంజను దీపము వెలిగినచో షెడ్డులో యంత్రము తగిలించి సంకేతమును చదివించి, ఆ సంకేతమును వ్రాసియిమ్మనుడు. సంకేతము ఏ వైపు వెదకవలెనో చెప్పును. ఆ వస్తువే చెడినదని దాని యర్థము కాదు.

కొన్ని జాగ్రత్తలను మాత్రము మరువరాదు. మూసిన షెడ్డులో ఇంజను నడుపకుడు; దాని పొగలోని విషవాయువునకు వాసన లేదు, ప్రాణము తీయును. గేరు తీసి, చేతి బ్రేకు వేసి, చక్రములకు రాళ్ళు పెట్టవలెను. చీర కొంగు నడుమునకు దోపి, జడ ముడిచి, గాజులు తీసి పని చేయవలెను; ఫ్యాను బెల్టు ఎవరిని మన్నింపదు. వేడి రేడియేటరు మూత తీయరాదు. ప్లగ్గులను వేడి ఇంజనునుండి ఊడదీయకుడు. ఒక్కమారు ఒక్క మార్పు మాత్రమే చేసి, ఫలితము వ్రాసికొని, తరువాతనే రెండవదానికి పోవుడు. విప్పుట, బిగించుట తెలిసినవారిచేతనే చేయింపుడు. కనిపెట్టుట వేరు, మరమ్మతు వేరు. మొదటిది మనకు సాధ్యము.

జాబు వ్రాసిన సోదరికి మా సలహా యిది. షెడ్డువారితో తగవు పెట్టుకొనవలదు. "నాలుగు ప్లగ్గుల రంగు ఎట్లున్నది? నాలుగు సిలిండర్ల కంప్రెషను ఎంత? కాగితముపై వ్రాసియిండు" అని మాత్రము అడుగుడు. పని తెలిసినవాడు సంతోషముగా వ్రాసియిచ్చును. వ్రాయుటకు వెనుకాడువానిచేత ఇంజను విప్పింపకుడు. ఆ అంకెలు నిజముగా చెడ్డవైనచో అప్పుడు విప్పించుటయో, అమ్ముటయో నిశ్చింతగా నిర్ణయించుకొనవచ్చును.

ఆ మేస్త్రీయొద్దకు మేమొకమారు పోయి పాత గ్యాస్కెట్టును చూపితిమి. అతడు దానిని అటునిటు త్రిప్పి చూచి, "నాలుగు ప్లగ్గులూ తీసి చూడవలసినదండి" అని తలవంచుకొనెను. ఇప్పటికిని బ్రేకుల పనికి అతనియొద్దకే పోవుచున్నాము. ఆ పనిలో అతడు మంచి నేర్పరి.

అమ్మాయి ఫీజు సకాలమున కట్టితిమి. తప్పిపోయిన కంటి పరీక్షకు ఆ నెలలోనే అత్తగారిని మరల ఆ వంతెనమీదుగానే కొనిపోయితిమి. నడుమ బండ్లు మరల నిలిచినవి. అత్తగారు మా భుజముపై చేయి వేసి కొంచెముసేపు విని, "ఆగిపోయినదా యేమి?" అని యడిగిరి. లేదు, నడచుచునే యున్నది. వారి చెవికి వినబడునంత చప్పుడు మాత్రము చేయుటలేదు.